దీపం కొండెక్కిందన్న మాట

1986వ సంవత్సరం. కార్తిక దీపానికి ముందు రోజు, శనివారం. మధ్యాహ్నం మూడుంబావు. కొసస్థలై ఏటి గట్టున ఫీల్డ్ ఫోన్‌లో ఒక మాట వచ్చింది. మంచి మాటే. మన ఇళ్లలో పెద్దవాళ్లు రోజూ అనే మాట. ఆ మాట వల్ల ఒక మనిషి పోయాడు.

అతని సంగతి చెప్పాలంటే నేను ముందు తిరువళ్ళూరు స్టేషన్‌లో దిగాలి.

దిగింది ఆగస్టు చివర. ఎండ తగ్గలేదు. స్టేషన్ బయట మా మిలిట్రీ లారీ నిలబడి ఉంది. పక్కన మనిషెత్తు చెక్క చక్రాలు, వాటికి చుట్టిన నల్లటి కేబుల్. వేలంత లావు. మోసే పని నాదే కాబట్టి ఒక కొస ఎత్తి చూశాను. బరువు లేదు. పదేళ్లుగా రాగి కేబుల్ మోసిన భుజం నాది. రాగి బరువు నాకు తెలుసు.

"లోపల ఏముందన్నా?" అని తీగలు అతికే జాయింటర్‌ను అడిగాను.

"గాజు," అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

మా ఊరి పిల్లకాయలు ఇప్పటికీ అడుగుతుంటారు, తాతా నువ్వు యుద్ధం చేసినావా అని. లేదు. కాలువ తవ్వాను. నాకు అక్షరం వచ్చింది ముప్పై దాటాక, పల్టన్ బడిలో. అంతకుముందు పార, గడ్డపార, తాడు. అందుకే చుట్టు తిప్పి రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేం అయిదుగురం. సుబేదార్ సాబ్ మరాఠావాడు, మా అందరికీ పెద్ద. జాయింటర్ హవల్దార్, చిత్తూరు పక్క పల్లెటూరివాడు, తీగలు అతికే పని. ఫోన్ నాయక్ వీరరాఘవన్ తిరువళ్ళూరు వాడే, బజారులో వాళ్ల నాయనకు బియ్యం అంగడి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట మొదలుపెట్టేది తెలుగులో, ముగించేది తమిళంలో. ఆపరేటర్ లాన్స్ నాయక్, గుంటూరు వైపువాడు. అయిదోవాణ్ణి నేను. మాది అత్తిమంజేరిపేట. ఊళ్ల జనంతో మాట్లాడాలి కాబట్టి ఈ పక్క మనుషుల్ని ఏరి పంపారు.

హుకుం ఇదీ. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా కాలువ తవ్వాలి. ఛాతీ లోతు. తిరువాలంగాడు మీదుగా పోవాలి, ఏటి అడుగున దాటాలి. వానలు ముదిరేలోపు కేబుల్ పడుకోవాలి. గాజు తీగలో మాట పోతుందో లేదో ముందు శాంతి ఇలాకాలో, అంటే సరిహద్దు గొడవ లేని చోట, చూస్తారు. పోతే సరిహద్దుకు తీసుకుపోతారు.

తవ్వడానికి ఊళ్ల నుంచి ఆడకూలీలు వచ్చేవాళ్లు. గాజు తీగ అని విన్నారు. ఇక వాళ్ల నోటికి అడ్డమేముంది.

"ఏం సారూ, గవర్నమెంటు గాజుల్ని భూమిలో పాతిపెడతా ఉందంట. మా చేతులు బోడిగా ఉండాయి, కనపడలేదా?"

"భూదేవికి సీమంతమంటమ్మా. మిలిట్రీవాళ్లు గాజులు తొడగతా ఉండారు."

వీరరాఘవన్ సిగ్గుతో తల వంచుకునేవాడు. జాయింటర్ మాత్రం నవ్వేవాడు. నేను అతని నవ్వు చూసింది అక్కడే, ఆ కాలువ గట్టునే.

ఒకరోజు అన్నం వేళ అడిగాను. "ఇంత దూరం వెలుతురు గాజులో ఎట్ల పోతాదన్నా? దోవలో బయటికి కారిపోదా?"

"బావిలో మునిగినప్పుడు కండ్లు తెరిచి చూసినావా?"

"చూడకేం. ఈత నేర్చింది బావిలోనే."

"నేరుగా పైకి చూస్తే?"

"ఆకాశం."

"వాలుగా చూస్తే?"

ఆలోచించాను. "వెండి రేకు మాదిరి తళతళమంటాది. అడుగున ఉండే రాళ్లు పైన కనపడతాయి."

"ఆఁ. వాలుగా పోయే వెలుతురు నీళ్లు దాటి గాలిలోకి రాలేదు. అంచుకు తగిలి మళ్లా లోపలికే తిరగతాది. దీంట్లోనూ అంతే. లోపలొక గాజు, దాని చుట్టూ ఇంకో రకం గాజు. నీళ్లూ గాలీ అనుకో. వెలుతురు ఈ అంచుకు తగిలి ఆ పక్కకు తిరగతాది, ఆ అంచుకు తగిలి ఈ పక్కకు. బయటికి దోవ లేదు. తిరుత్తణి పోవాల్సిందే."

"మరి మాట?"

"మాటను ఆ పెట్టె ముక్కలు చేస్తాది. వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. రెప్ప కొట్టేలోపల లెక్కలేనన్ని సార్లు. అవతలి పెట్టె ఆ మినుకులు ఏరుకోని మళ్లా మాట చేస్తాది."

"ఆ వెలుతురు చూడొచ్చా?"

"కంటికి ఆనదు. ఆనకపోయినా కొసలో కన్ను పెట్టొద్దు. ముల్లును చూడు, చాలు." మీటరు ముల్లు అని అర్థం. వెలుతురు వస్తే ముల్లు లేస్తుంది. లేకపోతే పడుకుంటుంది.

అప్పుడే ఇంకో మాట చెప్పాడు. రాగి తీగ దొంగచెవుల మనిషి. పక్క తీగలో మాట వింటుంది, మెరుపు మెరిస్తే వింటుంది, పక్కన కరెంటు రైలు పోతే దాని గోల కూడా మోస్తుంది. అదంతా కలిసి చెవిలో గరగర. గాజుకు ఆ చెవులు లేవు. దానికి తన వెలుతురు తప్ప ఇంకోటి తెలీదు.

"దీంట్లో గరగర ఉండదు చెంగల్రాయా," అన్నాడు. అన్నం చేతిలోనే ఉంది. తినలేదు.

ఆ గరగర సంగతి తరువాత తెలిసింది.

అతని పెళ్లాం వల్లెమ్మది తిరుత్తణి. కొండ మెట్లకు కాస్త ఇవతల వాళ్ల నాయనది గాజుల అంగడి. మూడేళ్ల కిందట జాయింటర్ ఉత్తరాన డ్యూటీలో ఉన్నాడు. వాళ్ల బిడ్డకు జ్వరం తగిలింది. ఒక్కడే కొడుకు, అప్పుడప్పుడే నడక నేర్చినవాడు. వల్లెమ్మ పోస్టాఫీసుకు పోయి పల్టన్‌కు ట్రంక్ కాల్ బుక్ చేసింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి లైను దొరికింది. అవతల గుమాస్తా హలో హలో అన్నాడు. ఈమె భర్త పేరు చెప్పింది, బిడ్డ పేరు చెప్పింది, జ్వరమని చెప్పింది. అరిచింది. అవతలివాడికి గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఏదో ఊరు, ఎవరో ఆడమనిషి, ఏడుస్తోంది. అంతే రాసుకున్నాడు. ఆ కబురు ఎవరికి ఇవ్వాలో వాడికీ తెలీదు. జాయింటర్ ఇల్లు చేరేసరికి బిడ్డను పూడ్చిన చోట గడ్డి మొలిచింది.

అప్పటినుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. తిట్టలేదు, పొమ్మనలేదు. వస్తే అన్నం పెట్టేది. మాట లేదు.

తిరుత్తణిలో మాకు రేషన్ తెచ్చే పని నాది. జాయింటర్ నాచేత కబురు పంపాడు. అంగడికి పోయాను. వల్లెమ్మ ఎవరో ఆడమనిషి చేతికి సబ్బు నీళ్లు పూసి గాజులు ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"అమ్మా, హవల్దారు ఇక్కడే తిరువళ్ళూరులో ఉండాడు. చూడాలంటాడు."

"చూడొచ్చు గదన్నా, ఎవరు వద్దన్నారు. నేను చెప్పాల్సిందంతా ఆ పొద్దే పోస్టాపీసులో చెప్పేసినా. ఆయనకి ఇనపడలేదు. ఇంక నాకాడ మాట లేదు."

ఇంతలో ఆ ఆడమనిషి చేతి మీద గాజు ఒకటి టప్పుమంది. "అయ్యో, పగిలిపోయె," అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. "పగిలిందనకూడదన్నా. పెరిగింది అనాల. మీ ఇంటామె చెప్పలేదా? గాజు దగ్గిర చెడ్డ మాట పనికిరాదు."

ఆ మాటే తిరువళ్ళూరు గుడారంలో చెప్పాను. ఆపరేటర్ వెంటనే అందుకున్నాడు. "నిజమేనండీ. మా అమ్మగారైతే దీపం ఆరిపోయిందంటే నోటి మీద కొట్టేది. కొండెక్కింది అనాలి. నేను ఈ రోజుకీ ఆ మాట అనను." సుబేదార్ సాబ్‌కు హిందీలో చెబితే, "మీ దీపానికి కాళ్లున్నాయా?" అని నవ్వాడు. వీరరాఘవన్ ఆ పూట ఇంటి భోజనానికి వెళ్లాడు. గుడారంలో ఉండి ఉంటే నాకు రాయడానికి ఈ కథ లేదు.

తరువాతి వారం జాయింటర్ నా చేతికి కాగితం పొట్లం ఇచ్చాడు. లోపల మూరెడు గాజుపోగు, పనికిరాని ముక్క. వెంట్రుకంత ఉంది. ఒక టార్చి కూడా ఇచ్చాడు. అంగడి వెనక చీకటి గదిలో ఒక కొసకు టార్చి ఆనించి పట్టుకున్నాను. రెండో కొసలో చుక్క వెలిగింది. ఆవగింజలో వెయ్యోవంతు ఉంటుందేమో. వల్లెమ్మ ఆ పోగును తన గాజు చుట్టూ తిప్పి చూసింది. చుక్క పోలేదు.

"వంచినా పోలేదే!"

"మరీ మడిస్తే పోతాదంట."

చాలాసేపు చూసింది. వాళ్ల నాయన గడప దగ్గర నిలబడి, "నేను ముప్పై ఏండ్లు గాజులమ్మినా. గాజు మాట్లాడతాదని ఈ పొద్దే ఇంటా ఉండా," అన్నాడు.

ఆమె అడిగింది. "దీంట్లో గరగర ఉండదా?"

"ఉండదంట."

"ఎవురు చెప్పినారు?"

"ఆయనే."

పోగును పొట్లంలో పెట్టి మడిచింది. తిరిగి ఇవ్వలేదు. "దీపం పండగ పొద్దు వస్తా. గరగర లేకుంటే మాట్లాడతా. రవ్వంత ఇనపడినా పెట్టేస్తా. చెప్పు."

చెప్పాను.  జాయింటర్ పెట్టెలోంచి బ్లేడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

ఆరోజు నుంచి అతని పని చూడాలి. ఒక కేబుల్ చక్రం అయిపోయిన చోట గుంత. గుంతలో బల్ల, బల్ల మీద సూక్ష్మదర్శిని ఉన్న యంత్రం. పోగు మీది తొడుగు వలవాలి. స్పిరిట్‌తో తుడవాలి. బ్లేడుతో గీత పెట్టి తుంచాలి. కొస అద్దంలా రావాలి, రాకపోతే మళ్లీ. రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి, అద్దంలో చూస్తూ జరిపి, నిప్పురవ్వ పుట్టిస్తే రెండూ కరిగి ఒకటవుతాయి. దుమ్ము పడకూడదు. చెమట చుక్క పడకూడదు. మాట్లాడకూడదు. మా కేబుల్‌లో రెండు పోగులు. ఒకటి పోయే మాటకు, ఒకటి వచ్చే మాటకు.

కడకు మిగిలింది ఏటి గుంత. తిరువాలంగాడు అవతల, ఇసుక గట్టులో. మనిషి లోతు, చుట్టూ పలకలు దన్ను. ఆదివారం పదకొండుకు పెద్దాఫీసర్లు వస్తారు. వల్లెమ్మ పదికి తిరుత్తణిలో మా ఫోన్ పెట్టె ఉన్న గదికి వస్తుంది. శనివారం ఆ ఒక్క అతుకు పడాలి.

శనివారం పొద్దున ముసురు. మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. ఆపరేటర్ తిరుత్తణి గదిలో మీటరు ముందు. సుబేదార్ సాబ్ తిరువళ్ళూరు గదిలో, వెలుతురు పంపే పెట్టె దగ్గర. గుంతలో జాయింటర్. గుంత పైన ఫోన్ పట్టుకుని వీరరాఘవన్. నేను వంద గజాల ఇవతల, లారీలోకి తాళ్లు ఎక్కిస్తున్నాను.

మొదటి పోగు రెండు గంటలకు పడింది. రెండోది మూడు దాటాక. జాయింటర్ పోగుల్ని అతుకు పెట్టెలోని పళ్లెంలో చుట్టి సర్దుతున్నాడు. ఫోన్‌లో ఆపరేటర్ మాట వీరరాఘవన్ చెవికి ఇలా వచ్చింది. అతనే తరువాత నాకు పదిసార్లు చెప్పాడు.

"ముల్లు ఆడుతోందండీ... ఆడుతోంది... ఆఁ... కొండెక్కింది."

అక్కడితో ఫోన్ మూగబోయింది. దోవలో ఎక్కడో ఎడ్లబండి చక్రం నేల మీద పరిచిన ఫోన్ తీగను తెంపింది.

నాకు వినపడింది వీరరాఘవన్ కేక. "దీపం మలై ఏరిడుచ్చు! ముడింజిపోచ్చు అన్నా! అయిపోయింది!"

దీపం కొండ ఎక్కేసిందట. పని ముగిసిందట. తమిళంలో చెప్పాడు. అందులో తప్పేముంది. మరునాడు కార్తిక దీపం, కొండ మీద దీపం వెలిగించే పండగ. ఆ దేశంలో దీపం కొండెక్కితే ఊరంతా దండం పెడుతుంది. మా వెలుతురు చేరాల్సింది కూడా కొండ ఉన్న ఊరికే. నేనూ కేక వేశాను.

జాయింటర్ పెట్టె మూత బిగించాడు. గుంత పూడ్చాం. జీపులో అతను నా పక్కన కూర్చున్నాడు. "చెంగల్రాయా, రేపు ఏం మాట్లాడేది? మొదటి మాట ఏమనాల?" అన్నాడు.

"బాగుండావా అని అడుగు."

"అదేం మాట. పోస్టుమాన్ గూడా అడగతాడు."

"అయితే నువ్వు మాట్లాడొద్దు. ఇను."

"అదీ నిజమే," అన్నాడు.

నాలుగున్నరకు తిరువళ్ళూరు చేరాం. సుబేదార్ సాబ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం బాగాలేదు. ఆపరేటర్ తిరుత్తణి స్టేషన్‌కు పరుగెత్తి రైల్వే ఫోన్‌లో కబురు పెట్టాడట. రెండో పోగు చచ్చింది. ముల్లు కాసేపు ఆడి పడిపోయింది. ఎందుకు పూడ్చారని మమ్మల్ని అడిగాడు.

వీరరాఘవన్ ముందుకు వచ్చాడు. "సాబ్, అతనే చెప్పినాడు సాబ్. కొండెక్కిందని చెప్పినాడు!"

నేను జాయింటర్ వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఆ గుంటూరు మనిషి, పండగ ముందు రోజు, దీపం ఆరిపోయిందని నోటితో అనలేకపోయాడు.

వీరరాఘవన్ నా చేయి పట్టుకున్నాడు. "అన్నా, దీపం ఆరితే మా ఇంట్లో గూడా తమిళంలోనే అణంజిపోచ్చు అంటారు. కొండెక్కడమంటే ఇదని నాకు ఎవురూ చెప్పలేదన్నా. సత్తియంగా."

జాయింటర్ అతన్ని తిట్టలేదు. "నీ తప్పేముంది తంబీ. మీ దీపం కొండెక్కితే వెలుగుతాది. మాది కొండెక్కితే చీకటి," అన్నాడు. యంత్రం పెట్టె మళ్లీ జీపులో పెట్టాడు.

రేపు పొద్దున చూద్దామన్నాడు సుబేదార్ సాబ్. పైన చిత్తూరు వైపు రెండు రోజులుగా వానలని స్టేషన్‌లో చెప్పుకుంటున్నారు. రేపటికి ఏరొస్తుంది సాబ్, గుంత మునిగితే నెలల తరబడి అందదు అన్నాడు జాయింటర్. వల్లెమ్మ పేరు ఎత్తలేదు. సుబేదార్ సాబ్‌కు ఆ సంగతి తెలుసు. గడియారం చూసి ఏడు దాకా టైమిచ్చాడు. ఏడుకు మనుషులు పైన ఉండాలి.

వెలుతురు ఉండగానే గుంత మళ్లీ తవ్వాం. వీరరాఘవన్ తీగ వెంట నడిచి తెగిన చోటు ముడి వేసి వచ్చాడు. ఫోన్ పలికింది. పళ్లెంలో పోగు ఒక మూల గట్టిగా మడత పడి చిట్లింది. సర్దేటప్పుడు జరిగిన పని. మూడుంబావుకు సరైన మాట వచ్చి ఉంటే, మూత పెట్టకముందే, పొడి ఇసుకలో, పగటి వెలుతురులో సరిచేసేవాడు.

పైన టార్పాలిన్ కట్టాం. చినుకు మొదలైంది. నేను టార్చి పట్టుకున్నాను. ఒకసారి తుంచాడు, బాగా రాలేదు. రెండోసారి, బాగా రాలేదు. చేతులు తుడుచుకున్నాడు. మూడోసారి కుదిరింది.

ఫోన్ ఈసారి అతని చెవికే ఇచ్చాం.

"చెప్పబ్బా. తిన్నగా చెప్పు."

"వెలిగిందండీ," అన్నాడు ఆపరేటర్. "ముల్లు నిలబడింది. వెలిగింది హవల్దారు గారూ."

"మళ్లా చెప్పు."

"వెలిగింది."

పోగును పళ్లెంలో చుట్టాడు, ఈసారి బిడ్డను పడుకోబెట్టినట్టు. మూత పెట్టాడు. అప్పుడు నాకొక చప్పుడు వినపడింది. తిరువాలంగాడు వైపు రైలు వస్తోందనుకున్నాను. రైలు వచ్చి పోతుంది. ఇది పోలేదు. పెరిగింది.

ఫోన్‌లో సుబేదార్ సాబ్. వదిలెయ్, పైకి రా అంటున్నాడు. "నాలుగు బోల్టులు సాబ్," అన్నాడు జాయింటర్. మూత బిగించకపోతే నీళ్లు దూరతాయి. నీళ్లు దూరితే గాజు మసకబారుతుంది, వెలుతురు పోతుంది. నడుముకు తాడు కట్టుకోమన్నాను. తాడు పోగులకు రాసుకుంటుందని ముందే విప్పేశాడు.

మూడు బోల్టులు. కాళ్ల కింద ఇసుకలో నీళ్లు ఊరుతున్నాయి. నాలుగోది. గుంతలోంచి ఎప్పుడు పైకొచ్చినా ముందు సామాను, తరువాత మనిషి. మా పనిలో అది అలవాటు. అతను స్పానర్ పైకి అందించాడు. నేను అందుకున్నాను. ఎడమ చేతిలో స్పానర్ ఉంది. కుడి చేయి చాచాను. అతని వేళ్లు నా వేళ్లకు తగిలాయి. గట్టు కూలింది.

పలకలు, టార్పాలిన్, ఇసుక, నీళ్లు. అంతే. నన్ను వీరరాఘవన్ బెల్టు పట్టి వెనక్కి లాగాడు.

వెతికాం. తిరువాలంగాడు నుంచి రైతులు తాళ్లతో, పెట్రోమాక్స్ లైట్లతో వచ్చారు. ఏరు కనపడలేదు, వినపడింది.

తెల్లారాక సుబేదార్ సాబ్ నన్ను తిరువళ్ళూరు తీసుకొచ్చాడు. ఆఫీసర్ల రాక వాయిదా పడింది. వీరరాఘవన్ గట్టు వదిలి రానన్నాడు. పెట్టె ఉన్న గదిలో బల్ల మీద కూర్చున్నాను. బట్టలు ఒంటి మీదే ఆరుతున్నాయి. ఈ గదిలోని మీటరు ముల్లూ నిలబడి ఉంది. ఏరు పైన పారుతోంది, గట్టు పోయింది, కింద ఆ అతుకు పెట్టె చెక్కు చెదరలేదు. వెలుతురు పోతూనే ఉంది.

పది గంటలకు గాజు తీగ ఫోన్ మోగింది. తీసుకున్నాను. ఆపరేటర్.

"ఆవిడ వచ్చేశారండీ. ఏం చెప్పమంటారు?"

సుబేదార్ సాబ్‌కు చెప్పాను. శవం దొరకకుండా ఏమని చెబుతాం అన్నాడు. గోడ వైపు తిరిగాడు.

ముందు గాజుల చప్పుడు వినపడింది. ఫోన్ చేతులు మారింది కదా. రెండు చేతులకూ నిండుగా ఉన్నట్టున్నాయి. పండగకు కొత్తవి తొడుక్కుని ఉంటుంది. ఒక్కో గాజు ఒక్కో గాజుకు తగిలింది విడివిడిగా వినపడింది. ముప్పై మైళ్ల అవతల.

"ఇనపడతా ఉందా?"

ఫోన్ రెండు చేతులా పట్టుకున్నాను.

"నేనే." ఫోన్ చెవికి ఇంకా ఆనించుకున్నట్టుంది. "గరగర లేదే. నిజంగానే లేదే." ఇంకాసేపు ఆగింది. "పలకవేందయ్యా?"

"అమ్మా, నేను. చెంగల్రాయుల్ని."

"నువ్వా అన్నా. ఆయన యాడ?"

"ఏటికాడ ఉండాడమ్మా."

అది అబద్ధం కాదు.

"పండగ పొద్దు గూడా పనేనా?" అంది. నవ్వినట్టే ఉంది. మూడేళ్ల తరువాత ఆమె నవ్వు నా చెవిలో పడింది, పడాల్సిన చెవిలో పడలేదు. "సరేలే. వచ్చినాక చెప్పన్నా. గరగర లేదని చెప్పు. నేను మాట్లాడినానని చెప్పు."

వెంటనే పెట్టలేదు. ఊపిరి వినపడింది. మళ్లీ గాజులు. తరువాత ఏమీ లేదు. రాగి తీగలో ఎవరూ మాట్లాడకపోయినా ఏదో ఒకటి వినపడుతూ ఉండేది. ఇందులో ఏమీ లేదు.

సాయంత్రం నాలుగుకు దిగువన పూండి చెరువు వైపు రెల్లుగడ్డిలో దొరికాడు. తిరుత్తణికి కబురు సుబేదార్ సాబ్ స్వయంగా తీసుకెళ్లాడు. ఫోన్‌లో చెప్పలేదు. పొద్దు గూకాక కొండ మీద దీపం వెలిగించారట. మేం చూడలేదు.

తరువాతి నెల ఆఫీసర్లు వచ్చారు, మాట్లాడారు, చప్పట్లు కొట్టారు. విచారణలో ఎవరి తప్పూ లేదని రాశారు. లేదు కూడా. మాకు వాపసు హుకుం వచ్చింది. తిరువళ్ళూరు స్టేషన్‌లో ఎక్కాం. నలుగురం. రైలు పెట్టెలో వీరరాఘవన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఎంత పిలిచినా వచ్చి కూర్చోలేదు. ఆపరేటర్ ఆ తరువాత ఎన్నేళ్లు కలిసి పనిచేసినా, దేవుడి ముందైనా సరే, ఆరిపోయింది అనే అనేవాడు. గట్టిగా అనేవాడు.

పెన్షన్ మీద అత్తిమంజేరిపేట చేరి చాలా కాలమైంది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు. గాజు తీగ ఊరూరా భూమిలో ఉందంటారు. మా మనవడు ఎవరితోనో మాట్లాడుతూ విసుక్కుంటాడు, సరిగా ఇనపడలేదు, మళ్లా చెప్పు అని. నాకు అట్లా కాదు. నేను ఒక్కసారే విన్నాను. అంత తేటగా ఇంకేదీ వినలేదు. మా ఇంటామె గిన్నెలు కడుగుతున్నప్పుడు చేతి గాజులు కదిలితే నేను లేచి బయటికి పోతాను. ఎందుకో ఆమెకు తెలుసు. అడగదు.

ఆ శనివారం, ఆ ఆదివారం ఉన్నవాళ్లు వీళ్లు. తిరువళ్ళూరు గదిలో సుబేదార్ దత్తారామ్ సాబ్. తిరుత్తణి గదిలో లాన్స్ నాయక్ శేషగిరి. ఏటి గట్టున ఫోన్ దగ్గర నాయక్ వీరరాఘవన్. గుంత అంచున నేను, చెంగల్రాయులు. గుంతలో హవల్దార్ వెంకటముని. తీగ అవతలి కొసన వల్లెమ్మ.